పార్కును, కమ్యూనిటీ హాలును పదేళ్ళపాటు కాలనీ సంఘానికి ఇస్తారట: తీర్మానంలో ఏమేమి రాయించాలి?

పంపులవీధి
మా నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం వచ్చే శుక్రవారం జరగబోతోంది. అజెండా కాగితాల్లో మా డివిజన్‌కు సంబంధించిన అంశం ఒక్క వాక్యంలో ముగిసిపోయింది. ఫలానా కాలనీలోని పార్కును, దానిని ఆనుకొని ఉన్న కమ్యూనిటీ హాలును ఆ కాలనీ సంక్షేమ సంఘానికి నిర్వహణ నిమిత్తం పది సంవత్సరాల పాటు అప్పగించుటకు ఆమోదం కోరుతున్నారు, అంతే. లోపలికి ఎవరు రావచ్చు, హాలు అద్దె ఎవరు నిర్ణయిస్తారు, వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, సంఘం సరిగా నడపకపోతే వెనక్కి తీసుకునేది ఎవరు అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

మా వీధి ఆ కాలనీ ప్రహరీకి ఇవతల ఉంటుంది. ఆ సంఘంలో మాకు సభ్యత్వం లేదు, అడిగినా ఇవ్వరు. కానీ మా పిల్లలు ఆడుకునేది ఆ పార్కులోనే, మా ఇళ్ళలో సీమంతమైనా పెద్దకర్మ భోజనాలైనా జరిగేది ఆ హాల్లోనే. ఇప్పటివరకు కార్పొరేషన్‌కు చలానా కట్టి హాలు తీసుకుంటున్నాం. ఇకమీదట సంఘం పెద్దల చుట్టూ తిరగవలసి వస్తుందేమోనని మా భయం. ఇటువంటి అప్పగింతలను దగ్గర నుంచి చూసినవారు ఉంటే, అభ్యంతరం ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో రాయగలరు.

ఉల్లిపకోడి
పదేళ్ళంటే రెండు పాలకవర్గాల కాలం. పెళ్ళి సంబంధానికి కూడా మనవాళ్ళు ఇంతకంటే ఎక్కువ విచారిస్తారు.

కాలనీ_కార్యదర్శి
నేను వేరే ఊళ్ళో ఒక కాలనీ సంఘానికి కార్యదర్శిని కనుక, రెండో వైపు కూడా చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది. మా పార్కు మా చేతికి రాకముందు బోరు మోటారు కాలిపోయి నెలల తరబడి అలాగే పడి ఉండేది. మోటారు రీవైండింగ్ కోసం పెట్టిన అర్జీ ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు తిరుగుతూ ఉండగానే మొక్కలన్నీ ఎండి, వయ్యారిభామ నడుము ఎత్తున పెరిగింది. చీకటి పడితే మందుబాబులు చేరేవారు, పొద్దున్నే పిల్లల కాళ్ళకు గాజుపెంకులు గుచ్చుకునేవి. ఇంటింటికీ నెలవారీ చందా వేసుకొని, తోటమాలిని పెట్టుకొని, లైట్లు మేమే మార్చుకున్నాం. సంఘం అనగానే కబ్జాదారుల్లా చూడడం సరికాదు. కార్పొరేషన్ చేయవలసిన పని చేయకపోవడం వల్లనే మేము ముందుకు వచ్చామన్న సంగతి మరవకూడదు.

మూడో_అంతస్తు
కార్యదర్శి గారు చెప్పిన కష్టాన్ని కాదనను. నేను ఆ మాదిరి కాలనీలోనే అద్దెకు ఉంటున్నాను. నెలనెలా చందా నా దగ్గర వసూలు చేస్తారు, రసీదు మాత్రం ఇంటి యజమాని పేరున ఇస్తారు. సర్వసభ్య సమావేశానికి పిలుపు నాకు రాదు, ఎందుకంటే మా సంఘం నియమావళి ప్రకారం సభ్యులంటే ఇంటి యజమానులు మాత్రమే. కార్పొరేటర్‌ను ఎన్నుకోవడానికి నాకు ఓటు ఉంది గానీ, కార్పొరేషన్ తన పార్కును ఎవరికి అప్పగిస్తోందో ఆ సంఘంలో నాకు నోరు లేదు. ఇంటి పన్ను యజమాని కడతాడన్న మాట నిజమే, అది అద్దెలో కలిపి నా దగ్గర నుంచే తీసుకుంటాడన్నదీ అంతే నిజం.

పాతఫైలు
పురపాలక సంఘాల్లో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. పంపులవీధి గారికి ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, అజెండాలో కనిపించే ఒక్క వాక్యం ఆ అంశానికి శీర్షిక వంటిది మాత్రమే. దాని వెనుక ఆఫీసు నోట్ ఉంటుంది. అందులో ఇంజినీరింగ్, రెవెన్యూ, టౌన్ ప్లానింగ్ విభాగాల అభిప్రాయాలు, చివర కమిషనర్ రిమార్కులు ఉండాలి. మీ కార్పొరేటర్‌కు ఆ నోట్ అడిగి తీసుకునే హక్కు ఉంది. సమాచార హక్కు చట్టం కింద మీరూ అడగవచ్చు గానీ, జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది కనుక శుక్రవారం లోపల అది చేతికి అందదు. అందుచేత కార్పొరేటర్ ద్వారా తెప్పించుకోవడమే దారి.

రెండవది, స్థలం ఎవరిదన్న ప్రశ్న. అనుమతి పొందిన లేఅవుట్లలో పదో వంతు స్థలాన్ని ఖాళీగా వదిలి, దానపత్రం ద్వారా స్థానిక సంస్థ పేర రిజిస్టర్ చేయాలి. మీ పార్కు అటువంటిదే అయితే, దాని యజమాని కాలనీ సంఘం కాదు. ఒక విధంగా చెప్పాలంటే కార్పొరేషన్ కూడా తన ఇష్టం వచ్చినట్లు వాడుకోదగిన యజమాని కాదు, ప్రజల తరఫున కాపలాదారు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును ఇప్పటికీ ఇటువంటి వ్యాజ్యాల్లో ఉదహరిస్తారు.

మూడవది, లీజుకు ఇవ్వడం వేరు, నిర్వహణకు ఇవ్వడం వేరు. లీజు అయితే బహిరంగ వేలం, పై అనుమతులు అన్నీ అడ్డు వస్తాయి. నిర్వహణకైతే ఆ బాధ తక్కువ. కనుక తీర్మానంలో ఈ అప్పగింత వల్ల సంఘానికి ఆ ఆస్తిపై ఎటువంటి హక్కూ సంక్రమించదని, కారణం చూపి నోటీసు ఇచ్చి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని స్పష్టంగా రాయించుకోండి. ఈ రెండు ముక్కలు లేకపోతే, పదేళ్ళ తరువాత తాళంచెవి కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

ఉల్లిపకోడి
పాతఫైలు గారు ఇంత వివరంగా రాస్తారని తెలిస్తే ఆఫీసులో ఉన్నప్పుడే మా ఫైలు తమరి బల్ల మీదికి పంపించేవాళ్ళం.

పాతఫైలు
అప్పుడు బల్ల మీద స్థలం ఉండేది కాదు.

సాగరతీరం
విశాఖలో ఉంటాను. ఇక్కడ 1988 నుంచి కొన్నేళ్ళపాటు బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. రోడ్లు, కాలువలు, వీధి దీపాలతో పాటు బస్తీల్లో సామాజిక భవనాలు కూడా కట్టారు. వాటిని బస్తీవాసుల కమిటీలే నడుపుకోవాలన్నది ఉద్దేశం. నాకు తెలిసిన ఒక భవనంలో మొదట బాల్వాడీ, సాయంత్రం కుట్టు శిక్షణ, రాత్రి వయోజనుల చదువు జరిగేవి. పథకం ముగిసి, జీతాలిచ్చే బడ్జెట్ ఆగిపోయాక, కమిటీలో ఉన్నవారిలో కొందరు పెద్దవారయ్యారు, కొందరు ఊరు మారారు. చివరకు ఒక నాయకుడి అనుచరులు క్యారమ్ బోర్డు పెట్టుకునే చోటుగా మారింది. కమిటీ సభ్యులు మారిపోతే కొత్తవారిని ఎలా తీసుకోవాలో రాసిన కాగితమే లేదు.

ఇంకొక సంగతి. మీకు కనీసం అభ్యంతరం చెప్పడానికి కౌన్సిల్ ఉంది. విశాఖ మహానగరానికి 2012లో పాలకవర్గం గడువు ముగిసిన తరువాత 2021 దాకా ఎన్నికలే జరగలేదు. అన్నేళ్ళూ ప్రత్యేకాధికారి సంతకంతోనే తీర్మానాలు వెలువడ్డాయి. వార్డు నుంచి ఎన్నికైన మనిషి లేనప్పుడు ఏ పార్కు ఎవరికి ఇచ్చారో అడగడానికి ఎవరి ఇంటికి వెళ్ళాలో కూడా తెలిసేది కాదు.

మూసీ_ఒడ్డున
హైదరాబాదు అనుభవం కొంచెం వేరు. ఇక్కడ 2018 నుంచి బస్తీ దవాఖానాలు మొదలుపెట్టినప్పుడు చాలాచోట్ల వాటికి కొత్త భవనాలు కట్టలేదు, ఉన్న కమ్యూనిటీ హాళ్ళనే తీసుకున్నారు. భవనం నగరపాలక సంస్థది, డాక్టరు, నర్సు, మందులు ఆరోగ్య శాఖవి. మా బస్తీ హాలును తీసుకున్నప్పుడు సంఘం వాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు. హాలు పోతే ఫంక్షన్ల అద్దె పోతుందన్నది వాళ్ళ బాధ. కానీ ఇప్పుడు షుగరు మాత్రల కోసం మా అత్తగారు ఉస్మానియా దాకా వెళ్ళడం లేదు. భాగస్వామ్యం అంటే ప్రతిసారీ కాలనీ సంఘమే కానవసరం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంకో ప్రభుత్వ శాఖతోనూ, గ్రంథాలయ సంస్థతోనూ, మహిళా సమాఖ్యతోనూ కూడా కుదుర్చుకోవచ్చు.

కాలనీ_కార్యదర్శి
మరి సీమంతాలు, పెద్దకర్మలు ఎక్కడ చేసుకుంటున్నారు?

మూసీ_ఒడ్డున
మంచి ప్రశ్నే. రోడ్డు మీద షామియానా వేస్తున్నాం. దవాఖానా వచ్చినందుకు సంతోషమే, హాలు పోయినందుకు ఇబ్బందీ నిజమే. ఒకే భవనం మీద రెండు అవసరాలు పోటీ పడినప్పుడు, ఏది ముందో తేల్చడానికి బస్తీలో ఒక్క సమావేశమైనా పెట్టి ఉంటే ఆ గొడవ అంత దూరం వెళ్ళేది కాదు.

చదువరి
గ్రంథాలయ సంస్థ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మనం కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని వేరే వసూలు చేస్తారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. పన్ను రసీదు తీసి చూడండి, అందులో ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయడం లేదన్న మొర గ్రంథాలయ సంస్థల నుంచి ఎప్పటి నుంచో వినబడుతున్నదే.

పంపులవీధి గారి హాలులో ఒక గదినైనా పఠన మందిరంగా అడగడానికి ఇది మంచి ఆధారం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఎంతమంది ఇరుకు గదుల్లో ఉండలేక గుడి మండపాల్లో, బస్టాండు బల్లల మీద కూర్చుని చదువుకుంటున్నారో అందరికీ తెలుసు. వాళ్ళకు కావలసింది నాలుగు బల్లలు, ఫ్యాన్లు, రాత్రి పది దాకా వెలిగే దీపం, తాగునీరు. పుస్తకాలు చాలావరకు వాళ్ళే తెచ్చుకుంటారు.

ఉల్లిపకోడి
రసీదు తీసి చూశాను. గడి ఉంది, 8 పైసలూ ఉన్నాయి. మా వార్డులో గ్రంథాలయం మాత్రం లేదు. ఇన్నేళ్ళుగా నేను చదవని పుస్తకాలకు చందా కడుతున్నానన్నమాట.

సమాఖ్య_అక్క
పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద రిసోర్స్ పర్సన్‌గా పనిచేశాను. మహిళా సమాఖ్యల పేరు ఎవరో ఒకరు ఎత్తుతారని ఎదురు చూస్తూనే ఉన్నాను. పట్టణాల్లో పొదుపు సంఘాలు, వాటిపైన బస్తీ సమాఖ్య, ఆపైన పట్టణ సమాఖ్య ఉంటాయి. మా దగ్గర తీర్మానాల పుస్తకం ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, నెలనెలా సమావేశం జరుగుతుంది, అప్పు తీసుకుని తిరిగి కట్టిన చరిత్ర ఉంటుంది. ఒక కమ్యూనిటీ హాలును నడపడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా నిర్వహణకు ఇచ్చే సమయానికి గుర్తుకు వచ్చేది కాలనీ సంఘమే. ఊడ్చే పనికి, ర్యాలీకి మనుషులు కావలసి వచ్చినప్పుడు గుర్తుకు వచ్చేది మేము.

మా పట్టణంలో ఒక హాలును కొంతకాలం మా బస్తీ సమాఖ్యకు ఇచ్చారు. అద్దెకు రెండు రేట్లు పెట్టుకున్నాం, తెల్లకార్డు ఉన్నవారికి ఒకటి, మిగిలినవారికి ఒకటి. వంటపాత్రలు సంఘం డబ్బుతో కొని, గుండిగలు, గరిటెలు, బేసిన్లు పేరుపేరునా రిజిస్టరులో రాసి, తిరిగి ఇచ్చేటప్పుడు సొట్టలతో సహా సరిచూసి తీసుకునేవాళ్ళం. చావు ఇళ్ళ దగ్గర డబ్బు ముందుగా అడిగేవాళ్ళం కాదు, పదో రోజు తరువాత కట్టమనేవాళ్ళం. అందరూ తెచ్చి కట్టారు. ఆ తరువాత పాలకులు మారారు, తాళంచెవి కూడా మారింది. ఎందుకు మార్చారో కాగితం మీద ఎవరూ చెప్పలేదు.

పంపులవీధి
అక్క గారు చెప్పిన రెండు రేట్ల పద్ధతి నేను వెంటనే రాసుకున్నాను. మా దగ్గర కూడా బస్తీ సమాఖ్య ఉంది, వాళ్ళను ఎవరూ అడగలేదట. ఈ విషయం అజెండాలో ఉందని కూడా వాళ్ళకు తెలియదు.

పుణె_తెలుగువాడు
ఉద్యోగరీత్యా పుణెలో ఉంటున్నాను. ఇక్కడ చెత్త సేకరణ విషయంలో ఒక భాగస్వామ్యం ఉంది, దాని నుంచి నేర్చుకోవలసింది కొంత ఉంది. చిత్తు ఏరుకునే వారి యూనియన్ 1993లో ఏర్పడింది, వారి నుంచే స్వచ్ఛ్ అనే సహకార సంఘం పుట్టింది. 2008లో నగరపాలక సంస్థ దానితో ఐదేళ్ళ ఒప్పందం చేసుకుంది. పనివాళ్ళే ఆ సంఘానికి యజమానులు. మా అపార్టుమెంటుకు వచ్చే ఆవిడ నెలకు ఇంటింటికీ రుసుము నేరుగా తానే తీసుకుంటుంది, అమ్మదగిన పొడి చెత్త మీద హక్కు కూడా ఆమెదే. నగరపాలక సంస్థ చేతొడుగులు, రెయిన్‌కోట్లు, బండ్లు వంటివి సమకూర్చాలి.

బాగా నడిచే పద్ధతే. అయినా మొదటి ఒప్పందం గడువు తీరిన తరువాత వాళ్ళకు స్థిమితం లేకుండా పోయింది. తాత్కాలిక పొడిగింపులతో నెట్టుకొస్తూ, ఈలోగా పెద్ద కాంట్రాక్టరుకు ఇవ్వాలన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా వేల మంది ఆడవాళ్ళు నగరపాలక సంస్థ ముందు కూర్చోవలసి వస్తోంది. అందువల్ల మొదట్లో ఏమి ఇస్తారన్నదే కాకుండా, గడువు తీరిన మర్నాడు ఏమవుతుందన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. మంచిగా నడిపిన సంఘానికి పొడిగింపు ఏ ప్రాతిపదికన ఇస్తారో ముందే రాసుకుంటే ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడనక్కరలేదు.

కాలనీ_కార్యదర్శి
ఇది నేను పూర్తిగా ఏకీభవించే మాట. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్న షరతు ఒక్కటే పెట్టి వదిలేస్తే, ఏ సంఘం సొంత డబ్బుతో బోరు వేయిస్తుంది? మేము వాకింగ్ ట్రాక్‌కు పలకలు వేయించాం. రేపు కొత్త కార్పొరేటర్‌కు మా కార్యవర్గం నచ్చక తాళం తీసుకుపోతే ఆ ఖర్చు ఎవరు ఇస్తారు?

పాతఫైలు
కార్యదర్శి గారి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే కారణం చూపి, నోటీసు ఇచ్చి అన్నాను. ఏయే కారణాలకు వెనక్కి తీసుకోవచ్చో ఒప్పందంలోనే పేర్కొనవచ్చు: నిర్ణయించిన వేళల్లో తెరవకపోవడం, ఆమోదించిన అద్దెకంటే ఎక్కువ వసూలు చేయడం, కులం, మతం, నివాసం ఆధారంగా ఎవరినైనా నిరాకరించడం, లెక్కలు చూపకపోవడం, అనుమతి లేకుండా కట్టడాలు లేపడం. ఈ చివరిది తేలిక విషయం కాదు. పార్కు మూలన మొదట ఒక చిన్న గది వస్తుంది, పనిముట్ల కోసమని చెబుతారు. తరువాత అది సంఘం ఆఫీసవుతుంది, ఆపైన దానికి స్లాబు పడుతుంది. గుడి కూడా అలాగే వెలుస్తుంది, ఆ తరువాత దాన్ని కదిలించే ధైర్యం ఏ కమిషనర్‌కూ ఉండదు.

శాశ్వత నిర్మాణం ఏదైనా ముందస్తు అనుమతితోనే చేయాలని, చేసిన ఖర్చును ఇంజినీరింగ్ విభాగం కొలతల పుస్తకంలో నమోదు చేయాలని రాసుకుంటే, మధ్యలో వెనక్కి తీసుకున్నప్పుడు ఎంత చెల్లించాలన్న తగాదా ఉండదు.

మూడో_అంతస్తు
నివాసం ఆధారంగా నిరాకరించడం అన్న మాటను దయచేసి గట్టిగా పట్టుబట్టి రాయించండి. మా పార్కు గేటు దగ్గర కాలనీవాసులకు మాత్రమే అని బోర్డు ఉంది. పక్క వీధి పిల్లలు బ్యాటు పట్టుకొని వస్తే వాచ్‌మన్ ఆధార్ కార్డు అడుగుతాడు. ఆ వాచ్‌మన్ పిల్లలు ఉండేది కూడా ఆ పక్క వీధిలోనే.

లెక్కలమాస్టారు
డబ్బు విషయం ఎవరూ పూర్తిగా తేల్చలేదు. మూడు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలావరకు గొడవలు తగ్గుతాయి. హాలు అద్దెను ఎవరు నిర్ణయిస్తారు? కౌన్సిల్ నిర్ణయించాలి, సంఘం కాదు. డబ్బు ఎక్కడ జమ అవుతుంది? ఈ ఆస్తి కోసమే తెరచిన ప్రత్యేక ఖాతాలో, సంఘం మామూలు ఖాతాలో కాదు, ఎందుకంటే వినాయక చవితి చందా, హాలు అద్దె ఒకే ఖాతాలో కలిస్తే ఏ ఆడిటరూ విడదీయలేడు. లెక్కలు ఎవరికి చూపుతారు? 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరైన సంఘం ఏటా రిజిస్ట్రార్‌కు కార్యవర్గ వివరాలు, లెక్కలు సమర్పించవలసి ఉంటుంది. అప్పగించే ముందు ఆ కాగితాలు తెమ్మని అడగమనండి. చాలా సంఘాలు పుట్టిన రోజున రిజిస్టరయ్యాయి, ఆ తరువాత ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు.

ఉల్లిపకోడి
మాస్టారూ, మా సంఘం కోశాధికారి ఈ చర్చ చదువుతున్నట్టున్నాడు. ఇవాళ సాయంత్రం వాకింగ్‌కు రాలేదు.

సాగరతీరం
అసలు రాజ్యాంగంలోనే దీనికి ఏర్పాటు ఉంది. 74వ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. తరువాత 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద నిధులు కావాలంటే ప్రజా భాగస్వామ్య చట్టం చేయాలన్న షరతు కూడా పెట్టారు. ఇటువంటి అప్పగింతలన్నీ వార్డు కమిటీ ముందుకు రావలసినవి. అవి ఎక్కడ సమావేశమవుతున్నాయో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

మూసీ_ఒడ్డున
తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం ప్రకారం పట్టణాల్లో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేరువేరుగా, ఒక్కోదానిలో పదిహేను మంది. హైదరాబాదుకు వేరే చట్టం ఉంది కాబట్టి అది మాకు వర్తించదు. మా చెల్లెలు ఉండే పట్టణంలో మాత్రం ఆమె మహిళల కమిటీలో సభ్యురాలు. ఆ సంగతి ఆమెకు మొక్కలు నాటే రోజున ఫోటో దిగడానికి పిలిచినప్పుడు తెలిసింది.

సమాఖ్య_అక్క
ఆంధ్రలో 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో పారిశుద్ధ్యానికి, సౌకర్యాలకు విడివిడిగా కార్యదర్శులను పెట్టారు. వినతిపత్రం అక్కడా ఒక ప్రతి ఇవ్వండి. నిర్ణయం వాళ్ళ చేతిలో ఉండదు. కానీ హాలు ఎప్పుడు తెరుస్తున్నారు, ఎప్పుడు మూస్తున్నారు అని రేపు నివేదిక అడిగేది వాళ్ళనే.

చదువరి
ఒకటి మాత్రం మరవకండి. సంఘానికి ఇచ్చినంత మాత్రాన కార్పొరేషన్ తన బాధ్యత నుంచి తప్పుకోకూడదు. స్వచ్ఛంద సంస్థలతో నడిచే సేవలు ఎంత మంచివైనా ప్రభుత్వం చేయి తీసేస్తే నిలబడవు. ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు 2018లో మొదలై 2019లో మూతపడ్డాయి, 2024లో మళ్ళీ తెరిచారు. వండి పెట్టే సంస్థలు ఉన్నాయి, తినేవాళ్ళు ఉన్నారు, కట్టిన భవనాలూ ఉన్నాయి, మధ్యలో ఆగింది ప్రభుత్వ నిర్ణయం. హైదరాబాదులో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం మాత్రం ప్రభుత్వాలు మారినా ఏదో ఒక పేరుతో నడుస్తూనే ఉంది.

కాలనీ_కార్యదర్శి
క్యాంటీన్ల దాకా వెళితే చర్చ పక్కదారి పడుతుంది. పంపులవీధి గారు శుక్రవారం ఏమి అడగబోతున్నారో అది చెప్పండి.

పంపులవీధి
ఇప్పటివరకు వచ్చిన సలహాలతో వినతిపత్రం తయారు చేశాం. పదేళ్ళకు బదులు మూడేళ్ళు, షరతులు పాటిస్తే పొడిగింపు. అద్దె కౌన్సిల్ నిర్ణయించాలి, రెండు రేట్లు ఉండాలి. ప్రత్యేక ఖాతా, ఏటా లెక్కలు నోటీసు బోర్డు మీద. పార్కు ఉదయం, సాయంత్రం అందరికీ తెరిచి ఉండాలి. పర్యవేక్షణ కమిటీలో మా వీధి నుంచి ఒకరు, బస్తీ సమాఖ్య నుంచి ఒకరు, అద్దెకు ఉండేవారి నుంచి ఒకరు. హాలు పై గది పఠన మందిరానికి. సంఘం వద్దని మేము అడగడం లేదు, ఎందుకంటే కార్యదర్శి గారు చెప్పిన గాజుపెంకుల బాధ మా పిల్లలకూ తెలిసినదే.

పాతఫైలు
బాగుంది. తపాలా సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి, రెండో ప్రతి మీద ముద్ర లేకుండా బయటికి రావద్దు. కార్పొరేటర్‌కు విడిగా ఒక ప్రతి ఇచ్చి, సవరణగా ప్రతిపాదించమని అడగండి. మౌఖికంగా మాట్లాడితే అది మినిట్స్‌లోకి ఎక్కదు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మీ అంశాన్ని అజెండా నుంచి తీసి, సమావేశం చివర టేబుల్ అంశంగా పెట్టి చప్పట్ల మధ్య ఆమోదించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. భోజన విరామం తరువాత కూడా మీ మనుషులు గ్యాలరీలో ఉండేలా చూసుకోండి.

పంపులవీధి
శుక్రవారం సమావేశం ముగిసింది. భోజనాల తరువాతే మా అంశం వచ్చింది, పాతఫైలు గారి మాట విని కూర్చున్నాం. మా కార్పొరేటర్ సవరణ ప్రతిపాదించారు, ఆ కాలనీ నుంచి గెలిచిన సభ్యుడు వ్యతిరేకించారు. కొంతసేపు వాగ్వాదం జరిగాక, షరతులతో కూడిన ముసాయిదా ఒప్పందాన్ని తయారు చేసి వచ్చే సమావేశంలో పెట్టాలని కమిషనర్‌ను ఆదేశిస్తూ అంశాన్ని వాయిదా వేశారు. గడువు మూడేళ్ళకు, అద్దె కౌన్సిల్ నిర్ణయించడానికి, ప్రత్యేక ఖాతాకు అభ్యంతరం రాలేదు. పర్యవేక్షణ కమిటీలో బయటివారు ఉండడానికి మాత్రం సంఘం ఒప్పుకోవడం లేదట. పఠన మందిరం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడో_అంతస్తు
కమిటీలో చోటు లేకపోతే మిగిలినవి ఎవరు పర్యవేక్షిస్తారు? లెక్కలు బోర్డు మీద పెట్టకపోతే అడిగేవాడు లోపల ఒకడైనా ఉండాలి కదా. వాయిదా మంచిదే గానీ, అసలైన షరతు మీదనే వాళ్ళు పట్టుదలగా ఉన్నారని నాకు అనిపిస్తోంది.

కాలనీ_కార్యదర్శి
సంఘం వైపు నుంచి చూస్తే, తాము చందాలు వేసుకొని నడిపే చోట బయటివారు వచ్చి ఆజ్ఞలు వేస్తారేమోనన్న జంకు ఉంటుంది. దానికి మధ్యేమార్గం ఉంది. రోజువారీ నిర్వహణ సంఘానికే వదిలి, మూడు నెలలకు ఒకసారి లెక్కలు, ఫిర్యాదులు చూసే సమావేశంలో మాత్రం మీ ముగ్గురూ ఉండేలా అడగండి. మా కార్యవర్గమైనా దానికి ఒప్పుకుంటుంది. ఆఫీసు నోట్‌లో కరెంటు బిల్లు ఎవరు కట్టాలో చూశారా? హాలు అద్దె తక్కువగా పెట్టి, బిల్లు కమర్షియల్ కనెక్షన్ కింద సంఘం నెత్తిన వేస్తే ఆరు నెలల్లో తాళం వేసి తాళంచెవి కార్పొరేషన్‌కు ఇచ్చేస్తారు.

పంపులవీధి
మూడు నెలల సమావేశం ఆలోచన మా వాళ్ళకు నచ్చింది. కరెంటు బిల్లు గురించి నోట్‌లో ఒక్క మాట కూడా లేదు. ఇప్పుడు ఎవరు కడుతున్నారో కూడా తెలుసుకోవాలి.

పాతఫైలు
ప్రస్తుతం కనెక్షన్ ఎవరి పేరున ఉందో మీటరు నంబరుతో విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో అడగండి, పాత బకాయి ఉంటే అది కూడా తెలుస్తుంది. కార్పొరేషన్ పేరున ఉంటే అలాగే ఉంచి, వాడకం ఖర్చును ప్రత్యేక ఖాతా నుంచి జమ చేసే పద్ధతి రాయించండి. పేరు సంఘానికి మార్పించారంటే, రేపు వెనక్కి తీసుకునేటప్పుడు మీటరు ఒక కొత్త తగాదా అవుతుంది. నీటి కనెక్షన్ కూడా అదేవిధంగా చూసుకోండి.

సమాఖ్య_అక్క
వచ్చే సమావేశానికి మీ బస్తీ సమాఖ్య తీర్మానం కూడా ఒకటి జత చేయండి. నెలవారీ సమావేశం ఎప్పుడో కనుక్కొని, ఈ నెల పుస్తకంలోనే రాయించి, సంతకాలతో జిరాక్స్ తీసుకోండి. పఠన మందిరం అడగవలసింది కూడా అందులోనే చేర్చండి, చదువుకునే పిల్లలు ఉన్నది ఎక్కువగా వాళ్ళ ఇళ్ళలోనే.